మునిగిన చోటు ఒకటి, రాసిన చోటు ఒకటి

పోయిన నెల ఒక పాఠకుడికి జవాబు రాస్తూ, నల్లసముద్రం అడుగున రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సబ్‌మెరైన్లు దొరికాయని ఒక్క వాక్యం రాసి వదిలేసిన. దానికే ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. సముద్రం మొకం చూడాలంటే రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన మన వైపు నుంచే ఎక్కువ వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాటికే ఇస్తున్న. కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నాది పరకాల దగ్గర పల్లె. నేవీలో 15 ఏండ్లు సోనార్ ఆపరేటర్‌గా చేసిన. చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకొని నీళ్ల కింద ఏముందో వినే కొలువు అది. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్న.

ప్రశ్న: సార్, మ్యాప్‌లో నల్లసముద్రం చూసిన. చుట్టూ నేల, టర్కీ దగ్గర ఒక్క సన్నని దారి. యుద్ధం రోజుల్లో ఆ దారిని టర్కీ మూసిపెట్టిందని మా లెక్చరర్ మేడం చెప్పింది. మరి జర్మనీ సబ్‌మెరైన్లు లోపలికి ఎట్లా పోయినయి?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: మీ మేడం చెప్పింది నిజమే అమ్మా. 1936లో మాంట్రూ అనే ఊళ్లో కుదిరిన ఒప్పందంతో బాస్ఫరస్, డార్డనెల్స్ జలసంధుల తాళంచెవి టర్కీ చేతికి వచ్చింది. యుద్ధంలో చాలాకాలం ఏ పక్షమూ పట్టని టర్కీ, జర్మనీ యుద్ధనౌకలకు ఆ గేటు తెరవలేదు. దాంతో జర్మన్లు సబ్‌మెరైన్లను రోడ్డు మీద తీసుకపోయారు.

1942లో రష్యాతో యుద్ధం జోరుగా ఉంది. నల్లసముద్రంలో సోవియట్ నౌకలను కొట్టడానికి జర్మన్లకు అక్కడ సబ్‌మెరైన్లు కావాలి. వాళ్ల దగ్గర టైప్ 2బీ అనే చిన్న రకం ఉండేది. పొడవు 43 మీటర్లకు కొంచెం తక్కువ, పాతిక మంది మనుషులు, ముందు భాగంలో టార్పెడోలు, అంటే నీళ్లల్లో దూసుకపోయే బాంబులు, వదిలే మూడు గొట్టాలు. వాటిలో ఆరింటిని ఎంచుకున్నారు: యూ-9, యూ-18, యూ-19, యూ-20, యూ-23, యూ-24. ఉత్తరాన కీల్ రేవులో ఇంజన్లు, బ్యాటరీలు, పైన ఉండే టవర్ అన్నీ ఊడదీశారు. మిగిలిన డొల్లను పక్కకు పడుకోబెట్టి, తేలే పెట్టెల మధ్య కట్టి, కాలువలో హాంబర్గ్‌కు, అక్కడి నుంచి ఎల్బే నదికి ఎదురుగా డ్రెస్డెన్ దాకా లాగారు. నది దారి అక్కడితో సరి. ఒడ్డుకు ఎక్కించి, లెక్కలేనన్ని చక్రాలున్న ట్రైలర్ల మీద పెట్టి, ట్రాక్టర్లు కట్టి, 300 కిలోమీటర్లకు పైగా హైవే మీద దక్షిణాన ఇంగోల్‌స్టాట్ దాకా నెమ్మదిగా నడిపించారు. అక్కడ డాన్యూబ్ నదిలో దించారు. డాన్యూబ్ పోయి పోయి నల్లసముద్రంలోనే కలుస్తుంది. దారిలో లింజ్ దగ్గర, ఆ తర్వాత రొమేనియా రేవుల్లో మళ్లీ భాగాలన్నీ బిగించారు. పవర్‌ప్లాంటుకు పోయే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ బండి పరకాల రోడ్డు మీద వస్తుంటే కరెంటు తీగలు ఎత్తిపట్టడానికి ముందు నడిచే మనుషులను మీరు చూసే ఉంటారు. ఆ బండి మీద సబ్‌మెరైన్‌ను ఊహించుకోండి. వినేటందుకు కథలాగ ఉంటుంది గాని ఆరుసార్లు చేసి చూపించారు.

పోవడానికి దారి చేసుకున్నారు గాని వెనక్కి రావడానికి చేసుకోలేదు. 1944 ఆగస్టు 20న సోవియట్ విమానాలు రొమేనియాలోని కాన్‌స్టాంజా రేవులోనే యూ-9ను ముంచాయి. మూడు రోజులకు, అప్పటిదాకా జర్మనీ వైపున్న రొమేనియా పక్షం మారింది. యూ-18, యూ-24లను ఆ రేవు బయటే జర్మన్లు తామే ముంచేసుకున్నారు. మిగిలిన మూడు అప్పుడు సముద్రం మీద ఉన్నాయి. వాటికిక రేవు లేదు, డీజిల్ పోసే దిక్కు లేదు, టర్కీ గేటు తెరవదు. సెప్టెంబరు రెండో వారంలో ఆ మూడూ టర్కీ తీరానికి దగ్గరగా వచ్చాయి. మనుషులు చిన్న పడవల్లోకి దిగి, సబ్‌మెరైన్లను తమ చేతులతో ముంచి, ఒడ్డుకు చేరారు. టర్కీని కాలినడకన దాటి అవతలి సముద్రం దగ్గర తమవాళ్లను కలుసుకోవాలన్నది వాళ్ల ఆలోచన. టర్కీ వాళ్లు పట్టుకొని యుద్ధం అయ్యేదాకా ఉంచుకున్నారు.

యూ-20 కారసు ఊరి ముందు తక్కువ లోతులోనే 1994లో దొరికింది. యూ-23ని సెల్చుక్ కొలాయ్ అనే టర్కీ పరిశోధకుడు జర్మన్ నేవీ కాగితాలు ముందు పెట్టుకొని, అగ్వా ఊరి ముందు నీళ్లను సోనార్‌తో జల్లెడ పట్టి కనిపెట్టాడు. యూ-19 జాడ 2019లో ఎరెగ్లి దగ్గర తేలింది. ఈ యూ-23 మామూలు పడవ కాదు. జర్మన్ సబ్‌మెరైన్ కెప్టెన్లందరిలోకి ఎక్కువ టన్నుల నౌకలను ముంచిన ఆటో క్రెట్ష్‌మర్ యుద్ధం మొదట్లో నడిపింది దీన్నే. అప్పుడది ఉత్తర సముద్రంలో తిరిగేది.

ప్రశ్న: సబ్‌మెరైన్ నదిలో కూడా దొరికిందంటున్నారు. మా గోదావరి గట్టున కూర్చొని ఆలోచిస్తే నమ్మబుద్ధి కావట్లేదు. నిజమా?
– మంచిర్యాల

జవాబు: నిజమే. అమెరికాలో పోటోమాక్ నదిలో యూ-1105 ఉంది. అయితే యుద్ధం చేస్తూ అక్కడికి రాలేదు. 1945 మేలో లొంగిపోయింది. సోనార్‌కు చిక్కకుండా ఒళ్లంతా నల్ల రబ్బరు తొడిగిన పడవ కాబట్టి, ఆ రబ్బరు సంగతేమిటో చూద్దామని అమెరికా వాళ్లు తీసుకపోయారు. పరీక్షలన్నీ చేసి 1949లో మేరీలాండ్ రాష్ట్రంలో పైనీ పాయింట్ దగ్గర పేల్చి ముంచారు. తర్వాత మర్చిపోయారు. 1985లో డైవర్లు మళ్లీ కనుక్కున్నారు. ఆ రబ్బరు పలకలు దాని మీద ఇంకా కొన్ని అంటుకొనే ఉన్నాయి. మా సోనార్ వాళ్లకు ఆ రబ్బరు పెద్ద శత్రువు. మనం పంపిన శబ్దాన్ని మింగేస్తుంది, తిరిగి రానివ్వదు.

ప్రశ్న: అన్నా, నేను సింగరేణిలో 31 ఏండ్లు చేసి దిగిపోయిన. గనిలోకి దిగేటప్పుడు ల్యాంపు రూం కాడ నంబరు బిళ్ల ఉంటది, మస్టర్ ఉంటది. ఏదన్నా అయితే లోపల ఎవరున్నరో ఆ బిళ్ల చెప్తది. మరి సముద్రం అడుగున యాభై ఏండ్లు పడున్న సబ్‌మెరైన్ ఏదో, లోపల ఎవరో ఎట్లా తెలుసుకుంటరు?
– గోదావరిఖని

జవాబు: అన్నా, మీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయిన. ఎందుకంటే ఈ కథలన్నింట్లోకి పెద్ద కథ చివరికి ఒక బిళ్ల దగ్గరే తేలింది.

యుద్ధంలో జర్మన్లు సబ్‌మెరైన్ టవర్ మీద నంబరు ఉండనిచ్చేవాళ్లు కాదు. శత్రువుకు తెలుస్తుందని చెరిపేసేవాళ్లు. కాబట్టి మునిగినదాన్ని బయటి నుంచి చూస్తే రకం తెలుస్తుంది, పేరు తెలియదు.

1991 సెప్టెంబరులో న్యూజెర్సీ తీరానికి దాదాపు 100 కిలోమీటర్ల అవతల కొందరు డైవర్లు 70 మీటర్ల లోతుకు దిగారు. చేపలు పట్టేవాళ్లు వలలు తగులుకునే చోట్లు గుర్తు పెట్టుకుంటారు. అట్లాంటి చోటు అది. ఏదో పాత బార్జీ ఉంటుందనుకొని దిగితే కింద జర్మన్ సబ్‌మెరైన్. అమెరికా నేవీని అడిగితే, జర్మనీని అడిగితే, బ్రిటన్ కాగితాలు తిరగేస్తే అందరిదీ ఒకటే మాట: ఆ నీళ్లల్లో సబ్‌మెరైన్ ఏదీ మునగలేదు.

జాన్ చాటర్టన్, రిచీ కోలర్ అనే ఇద్దరు పట్టు వదలలేదు. ఆ లోతులో మామూలు గాలి పీలిస్తే నైట్రోజన్ నెత్తికెక్కుతుంది. కల్లు తాగినట్టు తల తిరుగుతుంది, దారి తప్పుతారు. పైకి తొందరగా వస్తే రక్తంలో బుడగలు కట్టి ప్రాణం పోతుంది. మొదటి ఏడు స్టీవ్ ఫెల్డ్‌మన్ అనే డైవర్ చనిపోయాడు. 1992లో క్రిస్ రౌజ్ అనే తండ్రి, అదే పేరున్న కొడుకు, ఇద్దరూ ఒకే రోజు దిగి ప్రాణాలు పోగొట్టుకున్నారు. లోపల కొడుకు చిక్కుకుంటే తండ్రి వదిలి రాలేదు. గనిలో పనిచేసిన మీకు ఇంతకంటే విడమరిచి చెప్పనక్కరలేదు.

మొదట దొరికిన గుర్తు ఒక కత్తి. కట్టె పిడి మీద హోరెన్‌బర్గ్ అని చెక్కి ఉంది. ఎవరో నావికుడు తన కత్తిని పక్కవాడు తీసుకోకుండా పేరు చెక్కుకున్నాడు. మన దగ్గర పెండ్లికి పెట్టే బిందెల మీద పేరు కొట్టించినట్టు. వెతికితే మార్టిన్ హోరెన్‌బర్గ్ అనే రేడియో ఆపరేటర్ యూ-869లో పనిచేసినట్టు తేలింది. కాని కాగితాల ప్రకారం యూ-869 మొరాకో తీరంలో రబాత్ దగ్గర, అంటే మహాసముద్రానికి అవతలి ఒడ్డున, 1945 ఫిబ్రవరి 28న మునిగింది. కాబట్టి కత్తి ఎట్లనో చేతులు మారి వేరే పడవలోకి వచ్చి ఉంటుందని దాన్ని పక్కన పెట్టేశారు. కాగితం ముందు కత్తి ఓడిపోయింది.

ఇంకా ఏండ్ల పాటు దిగారు. చివరికి 1997లో చాటర్టన్ ఇంజన్ల వైపు ఇరుకు గదిలోకి దూరి విడిభాగాల పెట్టె ఒకటి బయటికి తెచ్చాడు. దాని మీద చిన్న బిళ్ల. బిళ్ల మీద యూ-869.

మరి రబాత్ మాట ఎక్కడి నుంచి వచ్చింది? ముందు ఆ పడవను అమెరికా వైపు పొమ్మన్నారు. తర్వాత జిబ్రాల్టర్ వైపు తిరగమని వైర్‌లెస్‌లో కొత్త హుకుం పంపారు. ఆ హుకుం పడవకు అందనే లేదు. అది మొదటి మాట ప్రకారమే అమెరికాకు పోయింది. అదే రోజుల్లో రబాత్ దగ్గర రెండు కాపలా నౌకలు నీళ్లల్లో ఏదో ఉందని పేలుడు పీపాలు వేశాయి. యుద్ధం అయ్యాక లెక్కలు సరిచేయడానికి కూర్చున్నవాళ్లు ఈ రెండింటినీ ఒకదానికొకటి ముడేశారు. 56 మంది చావుకు ఒక చోటు రాసేశారు. యాభై ఏండ్లు ఆ ఇండ్లవాళ్లు దండం పెట్టుకోవాలంటే ఆఫ్రికా దిక్కు తిరిగారు.

ప్రశ్న: హిట్లర్ సబ్‌మెరైన్‌లో దక్షిణ అమెరికాకు పారిపోయాడని మా హాస్టల్‌లో అందరూ అంటున్నారు.
– నిర్మల్

జవాబు: లేదు బాబూ. ఆ పుకారుకు ఊపిరి పోసినవి రెండు పడవలు. యుద్ధం అయిపోయాక 1945 జూలైలో యూ-530, ఆగస్టులో యూ-977 అర్జెంటీనాలో మార్ డెల్ ప్లాటా రేవుకు వచ్చి లొంగిపోయాయి. వాటిలో మామూలు నావికులే ఉన్నారు. యూ-3523 అనే మూడోది ఎక్కడా కనిపించకపోయేసరికి అందులో పెద్ద నాజీలు, బంగారం పోయి ఉంటాయని కథలు పుట్టాయి. 2018లో డెన్మార్క్‌లోని ఒక మ్యూజియం వాళ్లు స్కాగెన్‌కు ఉత్తరాన 123 మీటర్ల లోతులో దాన్ని కనుక్కున్నారు. ముక్కు నేలలో దిగబడి, తోక పైకి లేచి ఉంది. 1945 మే 6న బ్రిటిష్ విమానం కొట్టింది, 58 మందీ పోయారు. అది ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: కాగితాల్లో అంత తప్పులు ఎట్లా వస్తాయి సార్? పెద్ద పెద్ద దేశాలు, అంత లెక్కపత్రం. ఇంకో అనుమానం కూడా ఉంది. వాళ్లు హిట్లర్ తరఫున కొట్లాడినవాళ్లు. వాళ్లు ఎక్కడ మునిగితే మనకేమిటి?
– చరిత్ర ఉపాధ్యాయుడు, జనగామ

జవాబు: మొదటి ప్రశ్నకు నా చెవులతో విన్నది చెప్తాను. పేలుడు పీపా నీళ్లల్లో పేలినాక సోనార్‌లో కాసేపు ఏమీ వినబడదు. నీళ్లన్నీ బుడగలై మరుగుతుంటాయి. మనం పంపే శబ్దం ఆ బుడగలకే తగిలి తిరిగొస్తుంది. కింద పడవ పగిలిందా, పక్కకు జారిపోయిందా అని ఆ నిమిషాన ఎవరూ చెప్పలేరు. నూనె తేలితే మునిగింది అనుకుంటారు. తెలివైన కెప్టెన్ కావాలనే కొంచెం నూనె వదులుతాడు. పైన ఉన్నవాడు తన లాగ్ పుస్తకంలో తాను నమ్మింది రాస్తాడు. ఎక్కడో ఆఫీసులో కూర్చున్నవాడు దాన్ని నమ్మడమో కొట్టేయడమో చేస్తాడు.

ఇట్లా కొట్టేసిన కథ ఒకటుంది. 1942 జూలై 30న మెక్సికో గల్ఫ్‌లో రాబర్ట్ ఈ లీ అనే ప్రయాణికుల నౌకను యూ-166 టార్పెడోతో ముంచింది. కాపలాగా ఉన్న పీసీ-566 అనే చిన్న నౌక వెంటనే మీద పడి పీపాలు వేసింది. నూనె తేలింది. కెప్టెన్ హెర్బర్ట్ క్లాడియస్ మేం ముంచేశాం అని రాశాడు. పైవాళ్లు నమ్మలేదు. దాడి సరిగ్గా చేయలేదని తప్పుపట్టి, సబ్‌మెరైన్లను కొట్టడం నేర్చుకొని రమ్మని ట్రైనింగ్‌కు పంపారు. రెండు రోజుల తర్వాత వంద మైళ్లకు పైగా దూరాన ఒక కోస్ట్‌గార్డ్ విమానం ఇంకో సబ్‌మెరైన్ మీద బాంబు వేసింది. యూ-166ను ముంచిన పేరు ఆ విమానానికి పోయింది. అది కొట్టింది యూ-171ను. దానికేమీ కాలేదు.

1986లో చమురు కంపెనీ సర్వేలో ఆ నీళ్లల్లో రెండు శిథిలాలు కనబడ్డాయి. ఒకటి రాబర్ట్ ఈ లీ అన్నారు. రెండోది అల్కోవా ప్యూరిటన్ అనే సరుకు నౌక అయి ఉంటుందని రాసుకున్నారు. ఆ రెండో చుక్క మీద పదిహేనేండ్లు ఆ పేరే ఉంది. 2001లో పైప్‌లైన్ వేయడానికి ముందు ఒకటిన్నర కిలోమీటర్ల లోతులో మనిషి లేని పరికరాన్ని నడిపించి దగ్గర నుంచి చూస్తే అది సరుకు నౌక కాదు, రెండు ముక్కలైన యూ-166. తాను ముంచిన నౌకకు రెండు కిలోమీటర్లైనా లేదు దూరం. అంటే క్లాడియస్ రాసింది అక్షరాలా నిజం. 2014 డిసెంబరులో అమెరికా నేవీ ఆయనకు పతకం ఇచ్చింది. ఆయన 1981లోనే పోయాడు. కొడుకు అందుకున్నాడు.

రెండో ప్రశ్నకు. వాళ్లు కొట్లాడింది పాపిష్టి రాజ్యం కోసం. అందులో నాకు రెండో మాట లేదు. 1940 సెప్టెంబరులో సిటీ ఆఫ్ బెనారస్ అనే నౌకను యూ-48 ముంచింది. బాంబుల నుంచి కాపాడటానికి కెనడా పంపుతున్న ఇంగ్లండ్ పిల్లలు 77 మంది అందులో చనిపోయారు. ఆ నౌకలో పనిచేసినవాళ్లు ఎక్కువమంది మన దేశపు లస్కర్లు. వాళ్లలో ఎంతోమంది ఆ రాత్రి చలిలో, పడవల్లో బిగుసుకుపోయి చనిపోయారు. అది నేను మరిచిపోను.

అయినా చచ్చిన చోటు సరిగ్గా రాయాలంటాను. దానికి కారణం మా ఇంట్లో ఉంది. నేను నేవీలో చేరిన నాలుగో ఏడు మా ఊరికి ఒక తంతి వచ్చింది. మా ఇంటి పేరే ఉన్న ఇంకో పిలగాడు, పక్క మండలం వాడు, వేరే చోట ప్రమాదంలో పోయాడు. తంతి మా ఇంటికి చేరింది. చదివిపెట్టిన మనిషి ఇంటి పేరు చూసి మా అవ్వకు నీ కొడుకు పోయాడని చెప్పాడు. మా అవ్వ రెండు రోజులు నేల మీద పొర్లి ఏడ్చింది. మూడో రోజు మా బాపు పోస్టాఫీసు నుంచి నేనున్న చోటికి ఫోన్ కలిపించుకొని నా గొంతు విన్నాడు. ఇంట్లో అందరూ దేవుడికి మొక్కుకున్నారు. నాకు మాత్రం ఆ ఇంకో ఇల్లు గుర్తొస్తుంది. ఆ తల్లి ఆ రెండు రోజులు వడ్లు దంచుకుంటూ, కొడుకు పండుగకు వస్తాడని అనుకుంటూ ఉండి ఉంటుంది. ఆమె ఏడవాల్సిన ఏడుపు మా ఇంట్లో జరిగింది. జర్మన్ తల్లి అయినా, పక్క మండలం తల్లి అయినా, ఆ తప్పు జరగొద్దనే నేను అనుకుంటాను.

ప్రశ్న: మన సముద్రంలోకి జర్మన్ సబ్‌మెరైన్లు వచ్చాయా? వైజాగ్ దగ్గర ఒకటి మునిగి ఉందని, మద్రాసు మీద గుండ్లు వేసింది కూడా జర్మన్ సబ్‌మెరైనే అని మా తాత చెప్పేవాడు.
– కరీంనగర్

జవాబు: మీ తాత చెప్పినవన్నీ నిజంగా జరిగినవే. కాకపోతే మూడు నాలుగు సంగతులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. మద్రాసును 1914 సెప్టెంబరు 22 రాత్రి కొట్టింది ఎమ్డెన్. జర్మనీదే, కాని నీళ్ల మీద తిరిగే యుద్ధనౌక. వైజాగ్ దగ్గర 1944 ఫిబ్రవరి 11న మునిగింది జపాన్ సబ్‌మెరైన్ ఆర్‌ఓ-110. దాన్ని వెంటాడి ముంచినవి రెండు ఆస్ట్రేలియా నౌకలు, రాయల్ ఇండియన్ నేవీకి చెందిన జమునా. అంటే మనవాళ్ల చెయ్యీ ఉంది అందులో. వైజాగ్ ముందే 1971 డిసెంబరులో మునిగింది పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ. దాని సంగతి అందరికీ తెలిసిందే.

జర్మన్ల విషయానికొస్తే, మలయాలో పెనాంగ్ రేవు జపాన్ చేతికి వచ్చాక అక్కడ వాళ్లకూ స్థావరం దొరికింది. అక్కడి నుంచి అరేబియా సముద్రం దాకా తిరిగారు. ఆ గుంపుకు పెట్టుకున్న పేరు మాన్సూన్. మన వానకాలం పేరే. వాళ్లలో చాలామంది తిరిగి ఇల్లు చేరలేదు. యూ-859 కీల్ నుంచి ఐదు నెలలకు పైగా ప్రయాణం చేసి, పెనాంగ్ కళ్ల ముందుకొచ్చాక, 1944 సెప్టెంబరు 23న బ్రిటిష్ సబ్‌మెరైన్ ట్రెంచంట్ చేతిలో మునిగింది. 67 మందిలో 20 మంది బతికారు. కొందరు మునిగిన పడవలో నుంచి పైకి ఈదుకొచ్చారు.

నాకు వీటన్నింట్లో వింత అనిపించేది యూ-537. 1943 అక్టోబరులో అది కెనడా ఉత్తరాన లాబ్రడార్ తీరానికి, మంచులోకి, దొంగచాటుగా పోయి మనిషి అవసరం లేని వాతావరణ యంత్రాన్ని పెట్టి వచ్చింది. అదక్కడ ఉందని 1981 దాకా కెనడాకు తెలియదు. ఏడాది తిరిగేసరికి అదే పడవ భూగోళానికి ఇవతలి పక్క, ఇండోనేసియా దగ్గర జావా సముద్రంలో ఉంది. 1944 నవంబరు 10న అమెరికా సబ్‌మెరైన్ ఫ్లౌండర్ ముంచింది. 58 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

ఇక మన హైదరాబాద్ మనిషి ఒకాయన జర్మన్ సబ్‌మెరైన్‌లో ప్రయాణం చేశాడు. ఆబిద్ హసన్. జర్మనీలో ఇంజనీరింగ్ చదువుతూ నేతాజీ వెంట నడిచాడు. 1943 ఫిబ్రవరిలో నేతాజీతో పాటు కీల్‌లో యూ-180 ఎక్కాడు. ఏప్రిల్ చివర్లో మడగాస్కర్ దగ్గర, అలలు ఎగిసిపడుతుంటే రబ్బరు పడవలో జపాన్ వాళ్ల ఐ-29 సబ్‌మెరైన్‌లోకి మారారు. ఆ యూ-180 మరుసటి ఏడు ఆగస్టులో ఫ్రాన్స్ నుంచి మళ్లీ తూర్పుకు బయలుదేరి 56 మందితో మాయమైంది. ఐ-29ను అంతకు నెల ముందే ఫిలిప్పీన్స్ ఉత్తరాన అమెరికా సబ్‌మెరైన్ ముంచింది. ఆయన కాలు పెట్టిన ఆ రెండు పడవలూ అట్లా సముద్రం పాలయ్యాయి. జై హింద్ అనే మాట ఆబిద్ హసన్ ఇచ్చిందే అంటారు.

ప్రశ్న: దొరికినవాటిని పైకి తీసి మ్యూజియంలో పెట్టొచ్చు కదా. ఎందుకు అక్కడే వదిలేస్తున్నారు?
– మహబూబాబాద్

జవాబు: లోపల మనుషులు ఉన్నారమ్మా. సముద్రం దాన్ని సమాధి చేసుకుంది. ఆ దేశాలు కూడా సమాధిగానే చూస్తాయి. డెన్మార్క్ దగ్గర యూ-534ను 1993లో, ఏదో విలువైనది ఉంటుందన్న ఆశతో పైకి లేపారు. బంగారం ఏమీ లేదు. ఇప్పుడది ఇంగ్లండ్‌లో బర్కెన్‌హెడ్ దగ్గర ముక్కలుగా కోసి పెట్టి ఉంది.

వదిలేస్తే ప్రమాదం ఉన్నవీ ఉన్నాయి. యూ-864 సంగతి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే అది మా కొలువు కథ. 1945 ఫిబ్రవరి 9న నార్వేలో ఫెడ్యే దీవి ముందు బ్రిటిష్ సబ్‌మెరైన్ వెంచరర్ నీళ్ల కింద ఏదో ఇంజన్ సరిగా కొట్టుకోని చప్పుడు విన్నది. యూ-864 జపాన్‌కు బయలుదేరి, ఇంజన్ చెడి వెనక్కి తిరుగుతోంది. వెంచరర్ కెప్టెన్ లాండర్స్ తన సోనార్‌తో శబ్దం పంపలేదు. పంపితే అవతలివాడికి తెలిసిపోతుంది. గంటల తరబడి ఊరికే విన్నాడు. అవతలిది వంకర్లు తిరుగుతుంటే ఆ వంకర్ల లెక్క కట్టి, నాలుగు టార్పెడోలను వేర్వేరు లోతులకు, మధ్యలో కొన్ని క్షణాలు ఆగి ఆగి వదిలాడు. మూడు తప్పించుకుంది. తప్పించుకుంటూ నాలుగోదాని దారిలోకే వచ్చింది. రెండూ నీళ్ల కిందే ఉండి, ఒక సబ్‌మెరైన్ ఇంకోదాన్ని యుద్ధంలో ముంచింది చరిత్రలో అదొక్కసారే. హెడ్‌ఫోన్ పెట్టుకున్న ఆ మనిషి చెవుల గురించి నేను ఎన్ని రాత్రులు ఆలోచించిననో.

73 మంది చనిపోయారు. 2003లో నార్వే నేవీ దాన్ని 150 మీటర్ల లోతులో కనుక్కుంది. లోపల 67 టన్నుల పాదరసం, 1,857 ఇనుప సీసాల్లో. సీసాలు తుప్పు పట్టి కారుతున్నాయి. ఆ చోట చేపలు పట్టనివ్వరు, అక్కడి చేపలు గర్భిణులు, చిన్నపిల్లలు తినొద్దని చెప్పారు. పైకి తీస్తే ఉన్న పాదరసం చెదిరిపోతుందని ఒక వాదం, కప్పిపెడితే ఎన్నేండ్లకైనా బయటపడుతుందని ఇంకో వాదం. 2016లో వాలు జారకుండా ఇసుక, రాళ్లు పోశారు. నన్నడిగితే ముందు ఆ ఊరి చేపలు పట్టేవాళ్ల మాట వినాలి. ఆ నీళ్ల మీద బతికేది వాళ్లు.

ప్రశ్న: తాతా, నేను 8వ తరగతి. సబ్‌మెరైన్ లోపలికి పోయి చూడాలని ఉంది. ఎక్కడికి పోవాలె?
– ములుగు

జవాబు: వైజాగ్‌కు పోవాలె బిడ్డా. బీచ్ రోడ్డు మీద ఐఎన్ఎస్ కుర్సురా ఉంది. 1969లో నేవీలో చేరింది, 2001లో రిటైరైంది, 2002 నుంచి ఇసుక మీద నిలబడి ఉంది. పొడవు 91 మీటర్లు. పైన నేను చెప్పిన నల్లసముద్రం పడవలు దీంట్లో సగం కూడా ఉండవు. వరంగల్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి దిగుతారు. సోమవారం మాత్రం పోకండి, మూసి ఉంటుంది.

లోపల గుండ్రటి తలుపుల దగ్గర ముందు కాలు పెట్టి, తర్వాత తల వంచి దూరాలి. మీ నాయినకు ముందే చెప్పు, నుదురు కొట్టుకుంటాడు. ఒకే పరుపు మీద వంతులవారీగా పడుకునేవాళ్లు, చూడు. సోనార్ గది చాలా చిన్నది, చాలామంది ఆగకుండా దాటిపోతారు. నువ్వు ఒక నిమిషం ఆగు. వెనక వచ్చేవాళ్లు తొందర చేస్తే మా తాత ఇక్కడ ఆగమన్నాడని చెప్పు. వచ్చినాక ఏం చూశావో నాకు ఉత్తరం రాయి, వచ్చే నెల ఇక్కడే వేస్తాను.